గాలి తీస్తే కదిలే బండి

టెక్సస్‌లో లాంగ్ వీకెండ్ దగ్గరపడితే హ్యూస్టన్, ఆస్టిన్, డాలస్ తెలుగు ఇళ్లలో వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. ఈసారి ఎక్కడికి? బీచ్ కావాలి, జనం ఉండకూడదు, పిల్లలు గుడారంలో పడుకోవాలి అనుకునేవాళ్లకు దక్షిణాన ఒక చోటుంది, పాడ్రే ఐలండ్. కార్పస్ క్రిస్టి ఊరు దాటి, వంతెన మీదుగా ద్వీపంలోకి దిగి, నేషనల్ సీషోర్ గేటులోంచి లోపలికెళ్తే కాసేపటికి తారురోడ్డు అయిపోతుంది. దారి మాత్రం అయిపోదు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఇసుక దిబ్బలు, మధ్యలో తీరం వెంబడే దాదాపు 60 మైళ్లు. మొదటి 5 మైళ్లూ మామూలు కార్లు కూడా పోతాయి. ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే. హోటలు లేదు, పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్‌నూ నమ్ముకోలేం.

అన్నదమ్ములూ తోడల్లుళ్లూ కలిసి రెండు మూడు పికప్ ట్రక్కుల్లో బయల్దేరతారు. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్లు వెనక సీట్లో, గుడారాలూ ఐస్ చెస్టులూ పులిహోర డబ్బాలూ వెనక తొట్టిలో. అంతా బాగానే సాగుతుండగా ఎక్కడో ఒకచోట ముందు బండి నెమ్మదిస్తుంది. తోలే ఆయన యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాడు. ఇంజను గట్టిగా అరుస్తుంది, చక్రాలు ఇసుక చిమ్ముతాయి, బండి ముందుకు పోవాల్సింది కిందికి పోతుంది.

“ఇక తొక్కమాకండి అల్లుడుగారూ, గొయ్యి తవ్వుకుంటన్నారు,” అంటారు వెనక నుంచి మామగారు. దమ్ములో ట్రాక్టరు దిగబడడం చూసిన కళ్లవి.

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ తర్వాత చేసే వైద్యమే ఎవరికైనా వింతగా తోస్తుంది. డ్రైవరు దిగి నాలుగు టైర్ల వాల్వు మూతలూ విప్పి, బుస్సుమని సగం గాలి వదిలేస్తాడు. మళ్లీ ఎక్కి, గేరు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా పెడతాడు. ఇందాక 400 హార్స్‌పవర్ మొత్తం పెట్టినా కదలని బండి, ఇప్పుడు అందులో చిన్న భాగంతో మెల్లగా పైకి తేలి నడుచుకుంటూ పోతుంది.

ఇంజను మారలేదు. ఇసుక మారలేదు. బరువు మారలేదు. మరి మారిందేమిటి?

నాలుగు పోస్టుకార్డుల లెక్క

అమెరికాలో నాలుగు తలుపుల ఫోర్డ్ ఎఫ్-150 వీధికొకటి కనిపిస్తుంది. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 5.9 మీటర్లకు కాస్త తక్కువ. మన దగ్గర పెద్ద పికప్పు అనుకునే టయోటా హైలక్స్ కన్నా అర మీటరు పైనే ఎక్కువ. 2015 నుంచి దాని బాడీ అల్యూమినియంతో చేస్తున్నారు కాబట్టి ఆకారాన్ని చూసి అనుకున్నంత బరువుండదు. అయినా ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ ఖాళీగా 2,200 కిలోల దరిదాపుల్లో తూగుతుంది. ఐదుగురు మనుషులు, నీళ్లు, ఐసు, గుడారాలు కలిపితే 2,700 కిలోలు అనుకోవచ్చు. నాలుగు చక్రాలకూ పంచితే ఒక్కోదాని మీద 675 కిలోలు.

రోడ్డు మీద ఆ టైర్లలో గాలి 35 పీఎస్ఐ ఉంటుంది. మన పంచర్ షాపుల్లో 35 పాయింట్లు అనేది దీన్నే. అంటే చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోల ఒత్తిడి. ఇక్కడే కీలకమంతా ఉంది. టైరు లోపల గాలి ఎంత ఒత్తిడితో ఉందో, టైరు నేలను నొక్కే ఒత్తిడి కూడా దాదాపు అంతే ఉంటుంది. టైరు రబ్బరూ తీగలూ కొంత బరువు మోస్తాయి కాబట్టి లెక్క అటూఇటూ అవుతుంది. మొత్తం మీద సూత్రం ఇదే. 675 కిలోలను రెండున్నరతో భాగిస్తే 270 చదరపు సెంటీమీటర్లు. రెండు పోస్టుకార్డులు పక్కపక్కన పెడితే అంత జాగా. ఇంత పెద్ద చక్రం నిజానికి నేలను తాకేది అంతమేరే.

ఇప్పుడు గాలి 18 పాయింట్లకు దించండి. గాలి సగమయింది, బరువు అలాగే ఉంది. అదే బరువును మోయాలంటే నేలకు ఆనే మేర రెట్టింపు కావాలి. టైరు ఆ పని తనంతట తనే చేసుకుంటుంది. కింది భాగం అణిగి, పక్క గోడ ఉబ్బి, రెండు పోస్టుకార్డులు నాలుగవుతాయి. ఇసుక మీద ఒత్తిడి సగానికి పడిపోతుంది.

పక్కనే చెప్పులు చేతబట్టుకుని నడుస్తున్న అత్తగారి సంగతీ చూద్దాం. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద బరువు మోపినప్పుడు పాదం కింద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అరకిలో కూడా ఉండదు. గాలి నిండా ఉన్న ట్రక్కు టైరు అంతకు ఐదారు రెట్లు నొక్కుతుంది. ఆవిడ నడిచిన చోటల్లా బండి పోతుందనుకోవడం పొరపాటని ఈ లెక్కే చెబుతుంది. ఆఫ్‌రోడ్ బండ్ల ప్రకటనల్లో హార్స్‌పవర్ అంకెలు అంత లావు అక్షరాల్లో ఎందుకు వేస్తారో నాకెప్పుడూ అర్థం కాదు. ఇసుకలో అసలు ప్రశ్న బండి ఎంత తోయగలదని కాదు, నేల ఎంత ఓర్చుకోగలదని.

ఇంకో ముచ్చట కూడా గమనించాలి. గాలి తీసినప్పుడు ఆనిక అన్ని వైపులా సమానంగా పెరగదు. వెడల్పు పెద్దగా మారదు, పొడవు మాత్రం పన్నెండు సెంటీమీటర్ల నుంచి ఇరవై నాలుగు దాకా సాగుతుంది. ఇది మన అదృష్టం. వెడల్పు పెరిగితే టైరు తన ముందున్న ఇసుకను వెడల్పు గోడలాగా తోసుకుంటూ పోవాలి. పొడవు పెరిగితే ముందు అంచు ఇసుకను అణిచి గట్టిపరుస్తుంది, వెనక భాగం ఆ గట్టి ఇసుక మీదే నడుస్తుంది. పది సెంటీమీటర్ల లోతున దిగబడిన చక్రం ముందు ఎప్పుడూ పది సెంటీమీటర్ల గట్టు ఉంటుంది. చక్రం ఆ గట్టు ఎక్కుతుంటే గట్టు కూడా ముందుకు జరుగుతూనే ఉంటుంది. సమతలంగా కనిపించే బీచ్ మీద బండి నిజానికి రోజంతా ఎత్తు ఎక్కుతూనే ఉందన్నమాట. పెట్రోలు ముల్లు అంత జోరుగా పడిపోవడానికి కారణం అదే. 60 మైళ్ల చివర మాన్స్‌ఫీల్డ్ కాలువ అడ్డం వస్తుంది. అక్కడి నుంచి వేరే దారి లేదు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. ట్యాంకు నింపుకోకుండా బయల్దేరినవాళ్లకు ఈ లెక్క దారిలో తెలుస్తుంది.

ఫోర్డు కార్లేసుకుని ఎడారిలోకి

గాలి తీసే చిట్కా కొత్తదేం కాదు. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1920ల చివర, 30ల మొదట్లో ఈజిప్టు, లిబియా ఎడారుల్లోకి ఫోర్డ్ మోడల్-టీ, మోడల్-ఏ కార్లు తోలుకుంటూ పోయాడు. కార్లు దాటలేవని అందరూ తేల్చేసిన ఇసుక సముద్రాలవి. స్నేహితుల్ని వెంటబెట్టుకుని, సెలవుల్లో, సొంత ఖర్చుతో చేసిన ప్రయాణాలు. టైర్లలో గాలి తగ్గించి దిబ్బలెక్కడం, దిగబడిన చక్రాల కింద ఉక్కు పట్టాలు పరచడం వాళ్లు సాధన చేసి పట్టుకున్న విద్యలు. ఇవాళ ఆఫ్‌రోడ్ దుకాణాల్లో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ ట్రాక్షన్ బోర్డులు ఆ పట్టాల వారసులే.

అంతటితో ఆగక, ఇసుక ఎందుకలా ప్రవర్తిస్తుందో తేల్చుకోవాలని బాగ్నాల్డ్ ఇంటికొచ్చి గాలి సొరంగం కట్టుకుని ప్రయోగాలు చేశాడు. గాలికి ఎగిరే ఇసుక మీద 1941లో ఆయన రాసిన పుస్తకాన్ని అంగారకుడి దిబ్బలను చదివే శాస్త్రవేత్తలు ఇప్పటికీ తిరగేస్తారు.

ఒకే బీచ్‌లో మూడు రకాల నేల

దిబ్బల పక్కనుండే ఇసుక పొడిగా, తెల్లగా, వదులుగా ఉంటుంది. రేణువుకూ రేణువుకూ మధ్య అంటుకునేది ఏమీ లేదు. వాటిని నిలబెట్టేది ఒకదానితో ఒకటి రాసుకునే రాపిడే. పై నుంచి బరువు పడితే రేణువులు పక్కలకు జారి తప్పుకుంటాయి.

కాస్త కిందికి, అల తగిలి వెనక్కిపోయిన చోట, ముదురు రంగు పట్టీ కనిపిస్తుంది. ఇది గట్టిగా ఉంటుంది, బండ్లన్నీ దాని మీదే పోతాయి. రేణువుల మధ్య సందుల్లో పట్టీపట్టనంత నీరు ఉంటుంది. ఆ నీటి తలతన్యత పక్కపక్క రేణువులను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. పిల్లలు కట్టే ఇసుక కోట నిలబడేది ఈ పట్టుతోనే. పొడి ఇసుకతో కోట కట్టలేం, ముంచి తీసిన ఇసుకతోనూ కట్టలేం.

మూడోది నీటి అంచు. చూడ్డానికి నున్నగా, అద్దంలా ఉండి డ్రైవర్లను ఇదే ఎక్కువగా మోసం చేస్తుంది. సందుల నిండా నీరుంటే లాగి పట్టుకోవడానికి తలతన్యత మిగలదు. బండి కదిలినప్పుడల్లా ఇసుక అదిరి, పై బరువులో కొంత రేణువుల మీద నుంచి నీటి మీదికి మారుతుంది. నీరు దాన్ని మోయలేదు. ఫొటో కోసం నీటి అంచున ఆపిన బండి కింద ఒక్కో అల వచ్చి పోయినప్పుడల్లా చక్రాల చుట్టూ ఇసుక కొట్టుకుపోతుంది. నాలుగు ఫొటోలు తీసేలోపు టైరు నాలుగు వేళ్ల లోతుకు దిగి ఉంటుంది.

> అడుగు చుట్టూ తెల్లని వలయం
>
> సూర్యలంకలోనో, విశాఖ ఆర్కే బీచ్‌లోనో, ఎక్కడైనా సరే, తడి ఇసుక మీద కాలు గట్టిగా మోపి చూడండి. పాదం చుట్టూ ఒక క్షణం ఇసుక ఎండిపోయినట్టు తెల్లబడుతుంది. నొక్కితే నీరు పైకి ఊరాలి కదా, ఇదేమిటి?
>
> 1885లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి కారణం చెప్పాడు. అలలు సర్ది సర్ది పెట్టిన ఇసుకలో రేణువులు ఒకదాని సందులో ఒకటి ఒదిగి, వీలైనంత దగ్గరగా ఉంటాయి. బరువు పడి అవి పక్కకు జరగాలంటే ముందు ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దిగాలి. అలా ఎక్కేటప్పుడు సందులు పెద్దవవుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి ఇంకిపోతుంది. అందుకే తెల్లబడుతుంది.
>
> నీరు లోపలికి పీల్చుకున్న ఆ క్షణంలో ఇసుక మరింత బిగుస్తుంది. కదులుతున్న బండికి కలిసొచ్చేది ఇదే. అక్కడే నిలబడిపోతే చుట్టుపక్కల నీరు వచ్చి చేరి, ఆ బిగువు పోతుంది.

పాడ్రే ఐలండ్‌లో నాలుగో రకం కూడా ఉంది. లిటిల్ షెల్, బిగ్ షెల్ అని రెండు భాగాలు. తీరం వెంబడి ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చే ప్రవాహాలు ఆ ప్రాంతంలోనే కలుసుకుని, మోసుకొచ్చిన గవ్వలూ చిప్పలూ అక్కడ దించేస్తాయి. పేరుకు తగ్గట్టే లిటిల్ షెల్‌లో చిన్న చిప్పలు, బిగ్ షెల్‌లో పెద్దవి. పెంకులు ఇసుక రేణువుల్లా ఒదిగి కూర్చోలేవు, మధ్యలో ఖాళీలు వదిలేస్తాయి. బండ్లు దిగబడడానికి పేరుమోసిన చోటిది. గాలి తీయడానికి బద్ధకించినవాళ్లు ఇక్కడిదాకా వచ్చి చక్రాల ముందు గొంతుక్కూర్చుంటారు.

తొక్కితే ఎందుకు దిగుతుంది

రోడ్డు మీద చక్రం ఒక చుట్టు తిరిగితే, దాని చుట్టుకొలత ఎంతో బండి అంత ముందుకు పోతుంది. ఇసుకలో అలా కుదరదు. చక్రం వెనక్కి తోసినప్పుడు రేణువులు మొదట కొద్దిగా జరిగి, ఒకదాన్నొకటి ఆనుకుని, అప్పుడు ఎదురు తోస్తాయి. కాబట్టి ఇసుకలో చక్రం కొంచెం జారడం తప్పదు, ఆ జారుడు లేకపోతే తోపే పుట్టదు. మోతాదు దాటితే మాత్రం కథ తిరగబడుతుంది. ఎదురు తోయాల్సిన ఇసుక చక్రం కింద నుంచి వెనక్కి ఎగిరిపోతుంది. పోయిన ఇసుక స్థానంలోకి చక్రం దిగుతుంది. ఇరుసు దాకా దిగాక బండి పొట్ట ఇసుక మీద ఆనుతుంది, బరువంతా పొట్ట మీదికి పోతుంది, చక్రాలు ఊరికే గిర్రున తిరుగుతాయి. అక్కడి నుంచి 400 హార్స్‌పవర్ ఉన్నా ఒకటే, 4,000 ఉన్నా ఒకటే.

చక్రం, మెత్తటి నేల ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయన్నది ఒక శాస్త్రంగానే ఎదిగింది. పోలండ్ నుంచి వచ్చి కెనడాలో, ఆ తర్వాత అమెరికాలో స్థిరపడ్డ మీచిస్వావ్ బెక్కర్ 1950లలో దానికి పునాదులు వేశాడు. 1971లో అపోలో-15 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపిన బండి వెనక ఆయన కృషి ఉంది. దాని చక్రాల్లో గాలి లేదు, ఉక్కు తీగలతో అల్లిన జల్లెడ మాత్రమే. నేలకు ఆనిన చోట అణిగి, బరువును పరచుకునేలా అల్లారు. గాలి తీసిన టైరు చేసే పనే అది.

అంగారకుడి మీదా ఇసుక కష్టాలు తప్పలేదు. 2005 ఏప్రిల్ చివర్లో ఆపర్చునిటీ రోవర్ ఆరు చక్రాలతో సహా మోకాలెత్తు కూడా లేని ఒక ఇసుక అలలో కూరుకుపోయింది. కాలిఫోర్నియాలో ఇంజనీర్లు అలాంటి మెత్తటి మట్టి కలిపి, నకలు రోవర్‌ను అందులో దించి, ఏం చేస్తే ఏమవుతుందో పరీక్షించారు. చివరికి తేలింది ఆఫ్‌రోడ్ డ్రైవర్లందరికీ తెలిసిందే. వచ్చిన జాడల్లోనే నిదానంగా వెనక్కి రావాలి. జూన్ 4న అది బయటపడింది. దాని జంట రోవర్ స్పిరిట్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 2009లో దిగబడి, మళ్లీ బయటపడలేదు.

ఆపడంలోనూ ఇదే సూత్రం. బ్రేకు గట్టిగా తొక్కితే నాలుగు చక్రాల ముందూ చిన్న చిన్న ఇసుక కట్టలు లేస్తాయి. బయల్దేరేటప్పుడు వాటిని ఎక్కాలి. కాలు తీసేసి బండిని దానంతట అదే ఆగనిస్తే ఆ బాధ ఉండదు. అలాగే పల్లం వైపు మూతి పెట్టి ఆపుకుంటే బయల్దేరడానికి నేలే సాయం చేస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో రెండే తిరిగితే

దిగబడ్డ బండిని బయట నిలబడి చూస్తున్న పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న ఇది: “నాలుగు చక్రాలూ తిరుగుతాయన్నావు కదా నాన్నా, రెండే తిరుగుతున్నాయేం?”

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోవాల్సి వస్తుంది. ఆ చిక్కు తీర్చడానికి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. రెండు పక్కలా వేర్వేరు వేగాల్లో తిరగనిస్తూనే, తిప్పే బలాన్ని మాత్రం రెండు వైపులకూ సమానంగా పంచుతుంది. ఆ సమానత్వమే ఇసుకలో కొంప ముంచుతుంది.

కావడి మోసే మనిషిని తలచుకోండి. బద్దకు రెండు వైపులా బరువు సమానంగా ఉంటేనే కావడి నిలుస్తుంది. ఒక కుండ అడుగు ఊడి నీళ్లన్నీ కారిపోతే, రెండో కుండ ఎంత గట్టిదైనా లాభం లేదు, దాన్నీ దించేయాల్సిందే. డిఫరెన్షియల్ మోసేది అలాంటి కావడినే. ఒక చక్రం వదులు ఇసుకలో పడి, దాన్ని తిప్పడానికి పిసరంత బలం చాలనుకోండి. గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అందేది ఆ పిసరే. ఆ పిసరుతో 2,700 కిలోల బండి కదలదు. మొదటి చక్రం మాత్రం ఉత్తినే తిరుగుతుంది. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి అలా తిరిగితే, పిల్లలు చూసిన దృశ్యం అదే.

దీనికి రెండు విరుగుళ్లున్నాయి. చాలా పికప్పుల్లో వెనక డిఫరెన్షియల్‌ను తాత్కాలికంగా బిగించేసే మీట ఉంటుంది, లాకర్ అంటారు. అది నొక్కితే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి, గట్టి నేల మీదున్నది పని అందుకుంటుంది. తారురోడ్డు మీద అలాగే వదిలేస్తే మలుపుల్లో టైర్లూ ఇరుసూ దెబ్బతింటాయి. రెండోది కంప్యూటరు చేసే పని. ఊరికే తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేస్తుంది. ఆ చక్రాన్ని తిప్పడం కష్టమైంది కాబట్టి రెండో వైపుకూ అంతే బలం చేరుతుంది. కుండలో మళ్లీ నీళ్లు పోసినట్టు. తిరకాసేమిటంటే, ఈ ట్రాక్షన్ కంట్రోల్ రోడ్డు కోసం రాసుకున్న నిబంధనలతో ఇంజను బలాన్నీ కోసేస్తుంది. ఇసుకలో కొంచెం జారుడు అవసరం అనుకున్నాం కదా. దాన్నే తప్పుగా లెక్కేసి, బండి ఊపు మీదుండగా గొంతు నొక్కేస్తుంది. అందుకే లోతు ఇసుకలోకి దిగేముందు అనుభవజ్ఞులు ఆ మీట ఆపేస్తారు.

పొడవు తెచ్చే తంటా

మహీంద్రా థార్ మూడు తలుపుల మోడల్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు. మన ఎఫ్-150కి దాదాపు 3.7 మీటర్లు, అంటే ఒకటిన్నర రెట్లు. నేల నుంచి పొట్ట ఎత్తులో మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు. ఇసుక గట్టు ఒకటి దాటుతున్నప్పుడు ముందు చక్రాలు అవతల దిగి, వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్న ఘడియలో గట్టు కొన సరిగ్గా పొట్ట కిందికి వస్తుంది. చక్రాలు ఎంత దూరంగా ఉంటే పొట్ట అంత సులువుగా తగులుతుంది. థార్ దాటిన గట్టు మీద పెద్ద పికప్పు బోర్లా పడుకోవడంలో వింతేం లేదు. తుఫాను తర్వాత దిబ్బల నుంచి సముద్రానికి నీరు కోసుకుపోయిన కాలవలు బీచ్‌కు అడ్డంగా ఉంటాయి. పొడవు బండి అక్కడ తోక కూడా గీరుకుంటుంది. మంచి మాట కూడా చెప్పాలి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువ ఉంటే బండి ముందుకూ వెనక్కూ తక్కువ ఊగుతుంది. వెనక సీట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు అది చిన్న సుఖమేం కాదు.

మనుషులూ ఐస్ చెస్టులూ

పికప్పు వెనక తొట్టి ఖాళీగా ఉంటే బండి బరువులో ఎక్కువ పాలు ఇంజను ఉన్న ముందు వైపే పడుతుంది. వెనక చక్రాలు తేలిగ్గా ఉండి, పట్టు దొరకక జారతాయి. తొట్టిలో సామాను, వెనక సీట్లో మనుషులు చేరితే వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. పెరిగిన బరువు కొద్దీ దిగబడే లోతూ పెరుగుతుంది. రెండూ నిజమే. గాలి సరిగ్గా తీస్తే మొదటిది మనకు పనికొస్తుంది, తీయకపోతే రెండోది గెలుస్తుంది.

బండి ఎంత మోయగలదో డ్రైవరు తలుపు తీస్తే, గడప దగ్గర అతికించిన చీటీ మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలకు మించొద్దని. మనవాళ్లలో ఆ చీటీ చదివినవాళ్లు తక్కువ. పికప్పు అంటే ఎంతైనా మోస్తుందనే ధీమా. ఐదుగురు పెద్దవాళ్లకే 350 కిలోలు దాటుతుంది. గ్యాలను నీళ్లు 3.8 కిలోలు. ఎడారిలాంటి తీరానికి పోతూ మంచినీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పరు. తగ్గించాల్సింది కట్టెల మోపూ, మూడో మడత కుర్చీల కట్టా.

రెండు మూడు బండ్లు కలిసి పోవడంలో ఉన్న లాభం తోడు మాత్రమే కాదు. ముందు బండి చక్రాలు ఇసుకను అణిచి జాడ వేస్తాయి. వెనక బండి అదే జాడలో నడిస్తే దానికి పడే శ్రమ తగ్గుతుంది. ముందు బండి దిగబడితే ఆగడానికీ తాడు కట్టడానికీ చాలినంత ఎడం ఉంచుకోవాలి, అంతే.

> తాడు కట్టేటప్పుడు
>
> ముందు పారతో నాలుగు చక్రాల ముందూ, పొట్ట కిందా ఇసుక తీయాలి. గాలి ఇంకాస్త దించాలి. చాలాసార్లు తాడు అవసరమే రాదు.
>
> సాగే గుణమున్న నైలాన్ రికవరీ స్ట్రాప్ తనలో బలాన్ని నిల్వ చేసుకుని బండిని మెత్తగా ఊడబెరుకుతుంది. ఆ నిల్వే ప్రమాదం కూడా. బిగుసుకున్న స్ట్రాప్ చివర ఏ ఇనుప ముక్క విరిగినా అది తూటాలా వస్తుంది. ట్రెయిలర్ తగిలించే గుండు లాగుడు కోసం చేసింది కాదు. దానికి స్ట్రాప్ తగిలించి లాగితే గుండు విరిగి, వెనక అద్దం పగులగొట్టుకుని మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. ఛాసీకి బిగించిన కొక్కేలకే తగిలించాలి.
>
> పిల్లలూ పెద్దవాళ్లూ రెండు బండ్ల మధ్యా, స్ట్రాప్ వరసలోనూ ఉండకూడదు. స్ట్రాప్ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం పక్కకు పోయి నిలబడాలి. ఫోన్లో వీడియో తీసే ఉత్సాహవంతుడిక్కూడా ఇదే మాట.

అదే ఇసుకలో గుడ్లు

పాడ్రే ఐలండ్ తీరం ఉత్త ఆటస్థలమే అయితే ఇక్కడితో ముగించవచ్చు. కానీ ఏప్రిల్ నుంచి జులై మధ్యదాకా ఇక్కడికి కెంప్స్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ప్రపంచంలోని సముద్రపు తాబేళ్లలో అంతరించే ముప్పు అన్నిటికన్నా ఎక్కువున్న జాతి ఇది. మన ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లేలకు దగ్గరి చుట్టం.

మెక్సికోలోని రాంచో న్యువోలో తప్ప పెద్దగా మరెక్కడా గూళ్లు మిగలని రోజుల్లో, 1978 నుంచి 1988 దాకా అక్కడి గుడ్లను తెచ్చి పాడ్రే ఐలండ్ ఇసుకలో పొదిగించారు. పుట్టిన చోటి ఇసుకను గుర్తు పెట్టుకుని పెద్దయ్యాక అక్కడికే వస్తాయన్న ఆశతో చేసిన పని. వాటిలో కొన్ని నిజంగానే తిరిగొచ్చాయి.

మిగతా తాబేళ్లలో చాలామటుకు రాత్రిపూట వస్తే, ఇవి పట్టపగలే ఒడ్డెక్కుతాయి, సరిగ్గా బండ్లు తిరిగే వేళకే. ఆడ తాబేలు 45 కిలోలుంటుంది. ఆ కాస్త బరువునూ వెడల్పాటి పొట్ట మీదా, నాలుగు తెడ్ల మీదా పరచుకుని పాకుతుంది కాబట్టి, పైన చెప్పుకున్న లెక్క ప్రకారమే, దాని జాడ చాలా పైపైన పడుతుంది. గాలి వీస్తే కాసేపట్లో చెరిగిపోతుంది. పార్కు సిబ్బంది సైతం వెతికి పట్టుకోవడానికి కష్టపడే జాడ, బండి అద్దంలోంచి కనిపిస్తుందని అనుకోలేం. అందుకే వేగం తగ్గించమని అంతగా చెబుతారు. ఈ బీచ్ చట్టం దృష్టిలో రహదారే కాబట్టి సీటు బెల్టు, లైసెన్సు, నంబరు ప్లేటు అన్నీ వర్తిస్తాయి. దిబ్బల మీదికి బండి ఎక్కించడం నిషేధం. దిబ్బలను పట్టి నిలిపేది గడ్డి వేళ్లు. ఒక్క టైరు జాడ వాటిని తెంపితే గాలి అక్కడి నుంచే దిబ్బను తినడం మొదలుపెడుతుంది. ఇక లోతుగా దిగబడి తవ్వుకుని బయటపడ్డాక ఆ గుంతలు పూడ్చి పోవాలి. అరచేతిలో పట్టే తాబేలు పిల్లకు మోకాలిలోతు గొయ్యి బావితో సమానం.

మళ్లీ 35కి

గాలి తీసిన క్షణం నుంచీ డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ గుర్తు ఒకటి వెలుగుతూనే ఉంటుంది. ఉండాల్సిన దానికన్నా గాలి నాలుగోవంతు తగ్గితే హెచ్చరించాలని నిబంధన. దాని వెనక చరిత్ర ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ముఖ్యంగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు, హైవే వేగంలో టైర్ల పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టాయి. ఆ రగడలో తక్కువ గాలి, అతివేడి అనే మాటలు పదేపదే వినిపించాయి. ఆ ఏడాదే చట్టం వచ్చింది, 2007 సెప్టెంబరు నుంచి తయారైన ప్రతి కొత్త కారుకూ, చిన్న ట్రక్కుకూ ఈ హెచ్చరిక పరికరం తప్పనిసరైంది.

ఇసుకలో మేలు చేసిన తక్కువ గాలి రోడ్డు మీద ఎందుకు ప్రాణాంతకం? చక్రం తిరిగినప్పుడల్లా టైరు పక్క గోడ కిందికొచ్చి మడతపడుతుంది, పైకిపోయి సాగుతుంది. మడతపడిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. బీచ్ మీద 15 మైళ్ల వేగంలో సెకనుకు రెండున్నర చుట్లు, ఆ వేడి చల్లారడానికి వ్యవధి ఉంటుంది. హైవే మీద 70 మైళ్ల వేగంలో సెకనుకు పన్నెండు చుట్లు. గాలి సగమే ఉంటే ప్రతి మడతా రెట్టింపు లోతు. పుట్టిన వేడి పోయే దారి లేక లోపలి పొరల్ని అంటిపెట్టిన జిగురును దెబ్బతీస్తుంది. బీచ్ మీద కూడా 15 పాయింట్ల కన్నా కిందికి దించి మలుపు విసురుగా తిప్పితే టైరు రిమ్ము వదిలి ఊడొచ్చు.

కాబట్టి తారురోడ్డు అంచునే ఆగి, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరుతో గాలి నింపాలి. ఇంత పెద్ద టైర్లు నాలుగూ నిండేసరికి పిల్లలు విసిగిపోతారు, కంప్రెసరు ముట్టుకోలేనంత కాలుతుంది. ఆ వ్యవధిలో లాకర్, ఫోర్ వీల్ డ్రైవ్ తీసేశామా అని చూసుకోవచ్చు. కార్పస్ క్రిస్టిలో మొదట కనిపించిన కార్ వాష్‌లో బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించుకోవాలి. బాడీ అల్యూమినియమే గానీ, దాన్ని మోసే ఛాసీ ఉక్కుదే. ఉప్పు తడి ఆరనిస్తే తుప్పు మొదలయ్యేది మనకు కనిపించని ఆ చోటే. కొక్కేలూ, బ్రేకు గొట్టాలూ, ఇరుసు మీద పేరుకున్న తడి ఇసుకా వదలకుండా కడగమని అడగండి. మామూలు ప్యాకేజీలో అడుగుభాగం ఉండదు, విడిగా చెప్పాలి.